‘పంది అనుకున్నా’ అంటే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళ, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ అడవి అంచు ఊళ్ళలో రాత్రిళ్ళు తుపాకి మోత వినపడటం కొత్త కాదు. వాటిలో అనుమతి ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. తెల్లారాక చేలో పడి ఉన్నది పంది కాక ఎవరింటి కుక్కో అయితే, కాల్చినవాడు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: “చీకట్లో పంది అనుకున్నా.” కుక్కగలాయన పేదవాడై, కాల్చినాయనకు పలుకుబడి ఉంటే నలుగురు పెద్దమనుషులు కూర్చుని “కుక్కే కదా, పోనీ” అని తేల్చేస్తారు. స్టేషన్ మెట్లెక్కినా “పొరపాటున జరిగిందంటున్నాడుగా” అన్న జవాబే ఎదురవుతుంది. ఆ పొరపాటు ఎలా జరుగుతుందో, ఎవరి లెక్కలో రాయాలో విడమరచి మాట్లాడుకోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

పందుల బెడద కల్పన కాదు. ఒక మంద ఒక్క రాత్రి దిగితే వేరుశనగ చేను దున్నినట్టు తిరగబడి ఉంటుంది. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. రైతు కడుపుమంటను తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్‌లో వేటను నిషేధించినా, 11వ సెక్షన్‌లో ఒక దారి ఉంచింది. అడవి పంది 2022 సవరణ తర్వాత ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. అది ప్రాణానికో పంటకో ప్రమాదకరంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే పై అధికారి) గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ భావిస్తే కారణాలు రాసి, లిఖితపూర్వకంగా చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధిపతులకు అప్పగించింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు మాత్రం వాడకూడదని షరతు పెట్టింది. తెలంగాణలోనూ సర్పంచులకు పాత్ర కల్పించి, అటవీశాఖ జాబితాలోని షూటర్ల చేత పందులను కాల్పించే పద్ధతి వచ్చింది. అంటే రాత్రి చేలో తుపాకి పట్టుకున్న ప్రతివాడూ దొంగ వేటగాడు కాడు, ఒక్కోసారి చేతిలో సర్కారు కాగితం ఉన్నవాడే. ఆ కాగితం పందిని కాల్చడానికి ఇచ్చింది. ఎదురుగా ఉన్నది పందే అని తేల్చుకునే పనిని అది ఎవరికీ మాఫీ చేయలేదు.

ఇక అసలు ప్రశ్న. చీకట్లో కుక్కను పంది అనుకోవడం అంత సులువా?

అనుభవం ఉన్న షూటరు లైటు వేయగానే మొదట చూసేది కళ్ళను. కుక్క, నక్క, పిల్లి, ఆవు, దుప్పి వంటి జంతువులకు కంటి లోపల, రెటీనా వెనక అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వెళ్ళిన వెలుగును అది వెనక్కి కొడుతుంది. అందుకే టార్చిలైటు పడగానే ఆ కళ్ళు ఆకుపచ్చగానో పసుపుపచ్చగానో జిగేలుమంటాయి. పందికి ఆ పొర లేదు. దాని కళ్ళు ఎంత లైటు వేసినా అలా వెలగవు, మహా అయితే మసక ఎరుపు చుక్కలా అనిపిస్తాయి. కాబట్టి చేలో రెండు దీపాలు వెలిగాయంటే అక్కడ ఉన్నది పంది తప్ప మరేదైనా కావచ్చు. “కళ్ళు మెరిశాయి, కాల్చాను” అని పంచనామాలో చెప్పినవాడు, పంది అనుకున్నానన్న తన మాటను తానే కొట్టిపారేసుకున్నట్టు. దర్యాప్తు చేసే ఎస్సైలకు ఈ ఒక్క సంగతి తెలిసినా సగం కేసుల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న దొరుకుతుంది. అయితే కళ్ళు చూసి కుక్కకూ నక్కకూ తేడా చెప్పలేం. నక్కను కాల్చే అనుమతి ఈ కాగితాల్లో ఎటూ ఉండదు కాబట్టి ఆ సందేహానికీ జవాబు ఒకటే, కాల్చకూడదు.

కళ్ళు కనపడకపోతే ఆకారం చూడాలి. పందికి ఎత్తంతా భుజాల దగ్గరే, అక్కడి నుంచి నడుం వెనక్కి వాలుతుంది. మెడ ఉన్నట్టే అనిపించదు. తల వెడల్పుగా మొదలై ముట్టె దాకా సన్నబడుతుంది. వీపు మీద జూలు నిక్కి ఉంటుంది. తోక సన్నగా, కొసన కుచ్చుతో, మామూలుగా కిందికి వేలాడుతుంది. మేత మీద ఉన్న పంది తల నేలకే ఉంటుంది. కుక్క అలా కాదు. నడుం దగ్గర పొట్ట లోపలికి పోతుంది, మెడ స్పష్టంగా కనిపిస్తుంది, మన నాటు కుక్కలకైతే తోక మెలితిరిగి పైకి ఉంటుంది. నాలుగడుగులు వేసి తలెత్తి చూడటం దాని అలవాటు. ఇవన్నీ పక్కవాటుగా నిలబడ్డప్పుడే తెలుస్తాయి. ఎదురుగా వస్తున్నా, వెనక్కి తిరిగి పోతున్నా రెండూ నల్లటి ముద్దలే. అందుకే జంతువు పక్కకు తిరిగేదాకా ఆగాలి. ఛాతీ ఎత్తు మొక్కజొన్నలో వీపు గీత తప్ప ఏమీ కనపడదు. అక్కడ కాల్చడమంటే ఆకుల కదలికను కాల్చడమే.

తప్పు ఎక్కువగా ఎక్కడ జరుగుతుందంటే, ఎదురుచూపులో. మంచె మీద నాలుగు గంటలు పంది కోసమే చెవులు రిక్కించి కూర్చున్నవాడికి ఆకు గలగలమన్నా పందే వినిపిస్తుంది. చీకట్లో మన కన్ను రంగులను పట్టలేదు. ఎర్ర కుక్క, నల్ల కుక్క, బూడిద రంగు పంది అన్నీ ఒకే వన్నెలో ఉంటాయి. దానికి తోడు నాటు తుపాకి. నల్లమందు దట్టించి, పీచు కుక్కి, సీసం గుండ్లో ఇనుప ముక్కలో వేసి నింపే ఆ తుపాకి ఒక్కసారి పేలితే మళ్ళీ నింపుకునేలోపు మంద ఊరు దాటుతుంది. రెండో అవకాశం లేదని తెలిసినవాడు మొదటి కదలికకే మీట నొక్కుతాడు. పన్నెండు బోరు తుపాకిలో పెద్ద గుండ్ల తూటా వేసినా 40 మీటర్లు దాటితే గుండ్లు చెదురుతాయి. కొన్ని పందికి, కొన్ని దాని వెనకున్నదానికి తగులుతాయి. రైఫిలైతే తూటా కిలోమీటరు పైన పోగలదు. మంచె మీంచి కిందికి కాల్చినప్పుడు నేలే తూటాను ఆపుతుంది. గట్టు మీద నిలబడి అడ్డంగా కాల్చినవాడి తూటాకు అడ్డేదీ లేదు. ఈ మధ్య కొందరు వేడిని పట్టి చూపించే థర్మల్ స్కోపుల గురించి గొప్పగా చెబుతున్నారు. అవి చూపించేది వెచ్చటి మచ్చను. దూరం నుంచి ఎదిగిన కుక్కకూ ఎదగని పందికూ ఆ మచ్చలో తేడా కనిపెట్టడం కష్టం.

కుక్క అక్కడెందుకు ఉంటుంది అన్నది ఇంకో వాదన. ఉంటుంది. ఉండకుండా ఎలా? కోత అయిన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిపూట పడుకోబెట్టించుకోవడం మన దగ్గర తాతలనాటి పద్ధతి. మంద ఉన్నచోట కాపరి కుక్కలు రెండో మూడో ఉంటాయి. అవి మందను అంటిపెట్టుకుని కూర్చోవు, చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. వాటి పనే అది. పంది వాసన తగిలితే తరుముతాయి. తరిమినప్పుడు చేలోంచి పంది ముందు, కుక్క వెనక బయటికి వస్తాయి. మొదటి తూటా పందికి, రెండోది కుక్కకు. వేటకు అలవాటుపడ్డ ఊరకుక్కలైతే తుపాకి మోత వినగానే పేగుల కోసం పరుగెత్తుకొస్తాయి. కుక్క రావచ్చునని ముందే తెలిసిన చోట కుక్కను ఊహించలేదనడం చెల్లదు.

కుక్కకూ పందికీ తేడా పట్టలేనివాడికి, వాన రాక మోటారు వేయడానికి తెల్లవారుజామున చేనుకు పోయి గట్టున ఒంగి కూర్చున్న రైతుకూ పందికీ తేడా తెలుస్తుందని నమ్మకమేమిటి? పంది అనుకుని తోటి వేటగాణ్నే కాల్చిన వార్తలు ఏజెన్సీ ప్రాంతాల నుంచి మీ పత్రికలోనూ చదువుతూనే ఉన్నాం. కుక్క చావును గట్టిగా పట్టించుకోమనడంలో ఈ స్వార్థం కూడా ఉంది.

చట్టంలోకి వద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటి చేయడం గురించి చెబుతుంది. శిక్ష 5 ఏళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో జంతువు ఖరీదు 10 రూపాయలా, 50 రూపాయలా అని చూసి 428, 429 సెక్షన్లుగా విడదీసేవారు. ఇప్పుడు ఆ గొడవ లేదు. అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. ఇతరులకు నష్టం కలిగించాలన్న ఉద్దేశంతోనో, నష్టం జరగవచ్చునని తెలిసో చేస్తేనే ఈ నేరం అవుతుంది. డిఫెన్సు లాయర్లు పట్టుకునేది ఈ కొసనే. పంది అనుకున్నాడు కాబట్టి ఉద్దేశం లేదంటారు. ఉద్దేశం లేకపోవచ్చు, మరి తెలియడం మాటేమిటి? మంద పడుకున్న చేను పక్కన, ఏమిటో తేల్చుకోకుండా, కదిలినదాన్నల్లా కాల్చినవాడికి ఎవరిదో ఒక జంతువు చావవచ్చునని తెలియదా? ఫిర్యాదులో రాయాల్సింది ఈ పరిస్థితులనే: మంద ఎంత దూరంలో ఉంది, కుక్క మెడలో పట్టీ ఉందా, లైటు ఏది, పైరు ఎంత ఎత్తు. “నా కుక్కను చంపాడు” అని ఒక్క వాక్యంతో ఆపేస్తే కేసు అక్కడే నీరుగారుతుంది.

పొరబడ్డవాడికి అదే సంహితలో 17వ సెక్షన్ రక్షణ ఉందంటారు. నిజమే. చట్టం తనకు అనుమతిస్తుందని, వాస్తవాన్ని పొరబడి, సద్భావంతో నమ్మి చేసిన పని నేరం కాదు. కానీ సద్భావం అంటే ఏమిటో కూడా చట్టమే నిర్వచించింది: తగినంత జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినదీ నమ్మినదీ సద్భావం కిందికి రాదు. ప్రమాదవశాత్తు జరిగిందనే 18వ సెక్షన్ కూడా చట్టబద్ధమైన పనిని, చట్టబద్ధమైన పద్ధతిలో, తగు జాగ్రత్తతో చేసినవాడికే వర్తిస్తుంది. లైసెన్సు లేని నాటు తుపాకితో దొంగవేటకు వచ్చినవాడు ఈ మూడింటిలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. వాడి మీద కుక్క కేసు ఒక్కటే కాదు, వన్యప్రాణి చట్టం ప్రకారం వేటకు చేసిన ప్రయత్నం కూడా వేటే. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకి కలిగి ఉన్నందుకే, 2019 సవరణ తర్వాత, కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు. వేటకు వాడిన తుపాకి, ఉచ్చు, వల, బండి ప్రభుత్వపరం కావచ్చు. “పంది అనుకున్నా” అని ఒప్పుకోవడమంటే అనుమతి లేని వేటను ఒప్పుకోవడమేనని చాలామందికి తట్టదు. పోలీసులూ అది రాసుకోరు, పెద్దమనుషులూ గమనించరు.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం సంగతి చెప్పకపోవడమే మేలు. మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టీ కొట్టు బాకీ కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

నష్టపరిహారం విషయంలో మన పెద్దమనుషులు చేసే తప్పు, కేసు కాకముందే రాజీ చేయడం. 325వ సెక్షన్ కింది నేరం యజమాని సమ్మతితో రాజీ పడదగ్గదే. కాబట్టి కేసు నమోదయ్యాక, మొత్తం ఎంతో కాగితం మీద రాసుకుని రాజీ పడితే ఎవరికీ నష్టం లేదు. ముందే పడితే మాట మీద ఒప్పుకున్న సొమ్ము రాదు, రుజువూ మిగలదు. ఎంత అడగాలి అన్నదానికి కొన్న ధర ఒక్కటే కొలమానం కాదు. నాటు కుక్కకు కొన్న ధర ఉండదు. వైద్యం ఖర్చు, మందను కాసేంతగా మరో కుక్క తయారవడానికి పట్టే కాలం, ఈలోగా కాపరి పెట్టుకోవాల్సిన కూలి మనిషి ఖర్చు లెక్కలోకి రావాలి.

దెబ్బ తిన్న వెంటనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రాణంతో ఉంటే ముందు మూతికి మెత్తటి గుడ్డ కట్టాలి. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. ఊపిరి కష్టంగా ఉన్నా, మూతికే దెబ్బ తగిలినా, వాంతి అవుతున్నా మాత్రం కట్టకూడదు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ మడత పెట్టి అదిమి పట్టాలి, ఎత్తి ఎత్తి చూడకూడదు. గుండ్లు పైకి కనిపిస్తున్నా పీకకూడదు. పసుపు, సున్నం, కిరసనాయిలు పోయకూడదు. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి నీళ్ళూ మేతా పెట్టవద్దు. చెక్క పలక మీదో, నలుగురు పట్టిన దుప్పటి మీదో కదలకుండా తీసుకుపోవాలి. పొట్టలో ఒకే ఒక గుండు దిగి, బయట చిన్న రంధ్రం మాత్రమే కనిపించే కుక్క మొదటి రోజు బాగానే నడుస్తుంది. పేగు తూటు పడి ఉంటే లోపల చీము పట్టి తర్వాత ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఎక్స్‌రే తప్పనిసరి, సీసం అందులో తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది. పశువుల సంచార వైద్యశాలల నంబరు 1962.

చనిపోతే పాతిపెట్టకండి. ఈ ఒక్క తొందరపాటుతో పోయిన కేసులే ఎక్కువ. పడి ఉన్న చోటే, పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టి ఫొటోలు తీయాలి. ప్రభుత్వ పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించి, తీసిన గుండ్లను సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని రాతపూర్వకంగా అడగాలి. రైఫిల్ తూటా మీద గొట్టం లోపలి గాడుల గీతలు పడతాయి, దాన్నిబట్టి తుపాకిని పట్టవచ్చు. పన్నెండు బోరుది నున్నటి గొట్టం, గుండ్ల మీద గీతలుండవు. అక్కడ పనికొచ్చేది ఖాళీ తూటా డొప్ప. దాని అడుగున సూది కొట్టిన గుర్తు ఏ తుపాకిదో చెబుతుంది. కాల్చినవాడు ముందుగా ఏరుకుపోయేది కూడా దాన్నే. నాటు తుపాకికి డొప్ప ఉండదు. గొట్టం ముందు రాలిన కాలిన పీచు, గుడ్డ ముక్క, కాగితం ఏరి పొడి కవరులో పెట్టాలి. అవి దొరికిన చోటు కొలిస్తే ఎక్కడి నుంచి కాల్చారో, ఎంత దూరమో తేలుతుంది. ఆ దూరం 15 మీటర్లని తేలితే ‘కనపడలేదు’ అనే మాటకు విలువ ఉండదు. ఎస్సై కేసు తీసుకోకపోతే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపవచ్చు.

తుపాకి కంటే ఎక్కువ కుక్కలను తినేస్తున్నవి మనిషి దగ్గర లేకుండా పనిచేసేవి. బైకు క్లచ్ వైరుతో పంది దారిలో బిగించే ఉచ్చు, బైండింగ్ వైరు గుంజలకు చుట్టి లైను మీద కొక్కెం వేసిన కరెంటు, పిండిలోనో పేగులోనో చుట్టి పెట్టే నాటు బాంబు. తుపాకి పట్టినవాడు కనీసం చూసి పొరబడ్డానని చెప్పగలడు. ఉచ్చు పెట్టి ఇంటికి పోయి పడుకున్నవాడు చూసిందెప్పుడు, పొరబడిందెప్పుడు? కొవ్వు వాసనకు బాంబు దగ్గరికి పందికంటే ముందు వచ్చేది కుక్కే, మోకాలి ఎత్తు తీగకు తగిలేదీ కుక్కే. వీటిలో పొరపాటు అనే మాటకు చోటే లేదు. కరెంటు దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్, బాంబుకు 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం విడిగా పడతాయి. చట్టబద్ధమైన సోలార్ కంచెను దీంతో కలపకూడదు. అందులో కరెంటు సెకనుకొకసారి లిప్తపాటు మాత్రమే కొడుతుంది, జంతువు ఉలిక్కిపడి పోతుంది, చావదు.

ఉచ్చులో పడ్డ కుక్కను వెనక్కి లాగకండి, లాగిన కొద్దీ బిగుస్తుంది. తల మీద గోనెసంచి కప్పి, తీగ కట్టిన గుంజ వైపుకే కుక్కను జరిపితే పట్టు సడలుతుంది. అప్పుడు కటింగ్ ప్లేయరుతో కత్తిరించాలి. మెడ వాపు గంటల తర్వాత పెరిగి ఊపిరి అందకపోవచ్చు కాబట్టి, లేచి తోక ఊపినా డాక్టరుకు చూపించాల్సిందే. పేలని నాటు బాంబు ఉండ కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి.

కుక్కలు పెంచేవాళ్ళను వదిలేస్తే ఈ ఉత్తరం ఒంటికన్నుదవుతుంది. అడవి అంచున కుక్కను రాత్రంతా వదిలేయడం తప్పే. అది కుందేళ్ళను, జింక పిల్లలను పట్టుకుంటుంది, రోగాలు అంటిస్తుంది. 2018లో గిర్‌లో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు బయటపడ్డ జబ్బుల్లో ఒకటి కెనైన్ డిస్టెంపర్, కుక్కల్లో మామూలుగా ఉండే జబ్బు. రేబిస్ టీకాతో పాటు డిస్టెంపర్ టీకా కూడా వేయించాలి. చీకటి పడ్డాక కట్టేయాలి. మంద కుక్కను కట్టడం కుదరదు కాబట్టి దాని మెడకు గంట, రేడియం పట్టీ తప్పకుండా ఉండాలి. ఎడ్ల కొమ్ములకు అతికించే రేడియం స్టిక్కరే ఒక పాత బెల్టుకు చుట్టూ కుట్టినా చాలు, లైటు పడితే దూరం నుంచే మెరుస్తుంది. కుక్కను పందుల మీదికి ఉసిగొల్పి తీసుకుపోయినాయన మాత్రం, తన వేట జట్టులోని వాడే దాన్ని కాల్చాడని ఫిర్యాదుకు వస్తే తానూ ముద్దాయేనని గుర్తుంచుకోవాలి. జంతువును తరమడం కూడా చట్టంలో వేటే.

వేట చట్టబద్ధమైన దేశాల్లో ఈ సమస్య లేదనుకోనక్కర్లేదు. అమెరికాలోని మోంటానాలో 2022 సెప్టెంబరులో ఒకావిడ హస్కీ జాతి కుక్కను తోడేలు పిల్ల అనుకుని కాల్చి, తోలు ఒలిచి, ఆ ఫొటోను తానే బయటపెట్టుకుంది. అదే రాష్ట్రంలో నల్ల ఎలుగుబంటి వేటకు లైసెన్సు కావాలంటే మొదట నల్ల ఎలుగునూ గ్రిజ్లీ అనే గోధుమ రంగు ఎలుగునూ వేరుచేసి గుర్తించే పరీక్ష పాసవ్వాలి. ఎలుగుకు పెట్టిన పరీక్ష మన పందికి ఎందుకు పెట్టకూడదు? తుపాకితో పెద్ద జంతువుల వేటకు వెళ్ళేవాళ్ళు మోంటానాలో 400 చదరపు అంగుళాల నారింజ రంగు బట్ట ఒంటి మీద వేసుకోవాలి, కొలరాడోలో 500. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు శరదృతువులో కుక్కతో అడవి దారుల్లో నడిచేటప్పుడు కుక్కకూ ఆ రంగు జాకెట్టు వేయడం, తాడు వదలకపోవడం మంచిది.

మన దగ్గరికి వస్తే, అనుమతి ఉత్తర్వులోనే చేయాల్సిన మార్పులున్నాయి. ఇప్పుడు చాలా ఉత్తర్వుల్లో ఊరు పేరు, గడువు ఉంటే గొప్ప. సర్వే నంబరు ఉండాలి. ఏ రాత్రి, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది ఉండాలి. షూటరు పేరుతో పాటు తుపాకి లైసెన్సు నంబరు ఉండాలి, ఇంకొకరి తుపాకి వాడితే ఆ అనుమతి చెల్లదని రాయాలి. 40 మీటర్లు దాటి కాల్చకూడదని, మంచె మీంచి నేల వైపుకే కాల్చాలని, మెరిసే కళ్ళున్నదాన్ని కాల్చకూడదని స్పష్టంగా పెట్టాలి. లైటు పట్టే మనిషి వేరు, తుపాకి పట్టే మనిషి వేరుగా ఉండి, లైటు పట్టినవాడు ‘పంది’ అని నోటితో చెప్పాకే కాల్చాలి. ఇద్దరు చూస్తే ఎదురుచూపు పుట్టించే భ్రమ సగం తగ్గుతుంది. ఆ రోజు సాయంత్రమే ఊళ్ళో చాటింపు వేయించి, వాట్సాప్‌లో పెట్టి, చుట్టుపక్కల మంద ఎక్కడుందో అటవీశాఖ బీటు అధికారి కాపరితో మాట్లాడి రాసుకోవాలి. మంద దగ్గర్లో ఉంటే ఆ రాత్రి కాల్పులు వాయిదా వేయాలి, మంద వెళ్ళిపోయేదాకా రైతు ఓపిక పట్టాలి.

ఉత్తర్వు ఇచ్చి చేతులు దులుపుకునే అధికారికీ వాటా ఉంది. 2018 నవంబరు 2న మహారాష్ట్రలోని యవత్మాల్‌లో హైదరాబాద్ నుంచి వెళ్ళిన షూటరు ఆడపులిని కాల్చినప్పుడు, ఆ రాత్రి బృందంలో పశువైద్యుడు లేకపోవడం మీద, తుపాకి వాడిన తీరు మీద జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ పంపిన బృందమే తప్పులెన్నింది. పులి కాబట్టి విచారణ జరిగింది. పంది కోసం పోయి కుక్కను చంపినప్పుడు కనీసం ఒక పేజీ నివేదికైనా రావాలి. షూటరుకు ఎన్ని తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు, ఎన్ని తిరిగి వచ్చాయి, ఎన్ని ఖాళీ డొప్పలు అప్పగించాడు, ఎన్ని పందుల కళేబరాలకు పంచనామా అయింది అన్న నాలుగు అంకెలు మర్నాడు పొద్దున పది గంటలకల్లా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి. ఐదు తూటాలు పేలి రెండు పందులే పడితే మిగతా మూడూ ఎటు పోయాయో షూటరే చెప్పాలి. ఈ వానాకాలం వేరుశనగ పీకుడు మొదలయ్యేలోగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల అటవీశాఖలూ ఉత్తర్వు నమూనాలో ఈ గడులు చేర్చి, దాని ప్రతి ఒకటి మందల కాపరులకూ అందేలా చూడాలని కోరుతున్నాం.

ఇట్లు,
అటవీ, పశువైద్య విభాగాల్లో పనిచేసి విరమించిన కొందరం,
మహబూబ్‌నగర్